వార్షిక నివేదిక: ఫోనెత్తే మన సభ్యుల గొంతు, మెడ

సభ్యులందరికీ నమస్కారం.

తెలుగు తరగతులు, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. ఖర్చుల వివరాలు జమాఖర్చుల కాగితంలో చూసుకోగలరు. ఈసారి ఎక్కువ రాయాల్సిన సంగతి వేరే ఉంది.

108 అంబులెన్సు సేవ హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలై, 2008లో తమిళనాడుకు వచ్చింది. అంబులెన్సు డ్రైవర్లకు మన సంఘం రెండుసార్లు శాలువాలు కప్పింది. ఎమర్జెన్సీ కాల్స్ తీసుకునేవాళ్ళు మన సభ్యుల్లోనే ఉన్నారని మాత్రం ఈ ఉగాదికి గానీ తట్టలేదు. ఏటా ప్రార్థన పాడే అమ్మాయి మైకు దాకా వచ్చి, చెయ్యి అడ్డంగా ఊపి వెనక్కి వెళ్ళిపోయింది. ఆమె 108 కాల్స్ తీసుకుంటుంది; గొంతు బొంగురుపోయి నెల దాటిందట. "ఏ వీధమ్మా, పక్కన గుడేమైనా ఉందా" అని ఒక్కో కాల్‌లో పదేసి సార్లు అడగాలి. అవతలివాళ్ళు ఏడుపులో వినిపించుకోరు. పక్క సీట్లలో అవే ప్రశ్నలు తమిళంలో.

ఏప్రిల్ 16, ప్రపంచ స్వర దినం నాడు చెన్నై కోడంబాక్కంలో ఈఎన్‌టీ డాక్టరుగారితో మాట్లాడించాం. చుట్టూ గోల పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతామట. 1911లోనే లొంబార్ అనే ఫ్రెంచి డాక్టరు దీని గురించి రాశాడు. అలా రోజూ అరిస్తే స్వరతంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుని కాయలు కాస్తాయి. మాటిమాటికీ గొంతు సవరించుకోవడమూ చెరుపే. గుసగుసలాడితే గొంతుకు విశ్రాంతి అనుకోవద్దన్నారు. మన పెద్దమ్మలు మిరియాల పాల సంగతి ఎత్తారు. "తాగండి, హాయిగానే ఉంటుంది. కానీ అవి అన్నవాహికలోకి పోతాయి, స్వరపేటికను తాకవు. ఆవిరైతే తాకుతుంది" అన్నారు. ఆ మాట పెద్దమ్మలకు నచ్చలేదు. నాలుగు వారాలైనా బొంగురు తగ్గకపోతే గొంతులోకి చూసి పరీక్ష చేయించుకోవాల్సిందే.

మెడనొప్పికి డాక్టరు అక్కర్లేకుండానే కారణం దొరికింది. ఒకతను కుర్చీలో కూర్చుని చూపించాడు: స్క్రీన్ ఎడమ పక్కన, మ్యాప్ కుడి పక్కన, మెడ రాత్రంతా అటూ ఇటూ. కుర్చీ దించితే కీబోర్డు అందదు, ఎత్తితే కాళ్ళు గాల్లో. అందుకని జిరాక్స్ పేపర్ల కట్ట కాళ్ళ కింద పెట్టుకుంటాడట. ఎక్కువ కాల్స్ వచ్చిన రాత్రి నీళ్ళ సీసా మూత కూడా తియ్యడట.

గంటకు ఐదు నిమిషాల విరామం, పాదపీటలు అడుగుతూ వాళ్ళ ఆఫీసుకు ఉత్తరం రాశాం. జవాబు రాలేదు. మళ్ళీ రాస్తాం. పాదపీటలు మనమే చేయిద్దామని ఒక సభ్యుడన్నారు. కానీ లోపలికి తీసుకెళ్ళనివ్వాలి కదా.

ఆవిరి పట్టే మెషిన్లు రెండు కొన్నాం. ఒకటి సంఘం గదిలో ఉంది. రెండోది ఎవరు పట్టుకెళ్ళారో దయచేసి తెచ్చివ్వగలరు.

— కార్యదర్శి