వార్షిక నివేదిక: ఈ ఏడాది మనం విన్న గొంతులు

మన ఒపెరా శ్రోతల సంఘం సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని నియమావళిలో ఉంది కాబట్టి రాస్తున్నా, దాంతోపాటు ఈ ఏడాది కొద్దిమంది చాలా కష్టపడ్డారు, అది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని కూడా నా కోరిక. మొత్తం 11 సార్లు కూర్చున్నాం. పన్నెండోది హాలు తాళం రాక ఆగిపోయింది, దాని గురించి కింద చెప్తా.

ముందు, పాడినవాళ్ళ పేర్లు దాచి విన్న ఆ సాయంత్రం గురించి చెప్పాలి, ఎందుకంటే మన సంఘంలో ఇంత మంచి కార్యక్రమం నేను చూడలేదు. ఇటలీ స్వరకర్త వెర్డి రాసిన ఒపెరా, అంటే పాటలతో నడిచే నాటకం, ‘ఐడా’లో టెనార్ (పై స్థాయి మగ గొంతు) మొదట్లోనే పాడే ‘చెలెస్తె ఐడా’ ఆఖరి లైను, అదొక్కటే, ఏడుగురి గొంతుల్లో వరసగా వినిపించాం. అక్కడ పై బి-ఫ్లాట్ అనే ఎత్తు స్వరం మీద వెర్డి రాసింది చాలా మెల్లగా, ఆరిపోతున్నట్టు పాడమని. కానీ ఎక్కువమంది గొంతు మొత్తం విప్పి పాడేస్తారు, థియేటర్లో చప్పట్లు కూడా దానికే పడతాయి. కాస్త గట్టిగా వినిపించిందే చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది కదా, అందుకని మన ఆడియో టీమ్ ఇద్దరూ రెండు రాత్రులు కూర్చుని ఏడు ముక్కలకీ సౌండ్ లెవెల్ సమానం చేశారు. పాత డిస్కులు కావాలనే పెట్టలేదు, ఆ బరబర సౌండుకే పాతతరం టెనార్ కరూసో అని పట్టేస్తారు కాబట్టి.

నాలుగో గొంతు వచ్చేసరికి హాలు సైలెంట్ అయిపోయింది. బి-ఫ్లాట్ నిండుగా పట్టుకుని, అక్కడినుంచి ఊపిరి తెగకుండా సన్నగా, ఇంకా సన్నగా తగ్గించుకుంటూ పోయాడు. ఎక్కువ ఓట్లు దానికే పడ్డాయి. పేరు చెప్తే ఫ్రాంకో కొరెల్లి, 1960లలో జుబిన్ మెహతా కండక్టర్‌గా ఆర్కెస్ట్రాని నడిపిన రికార్డింగ్! బలం తప్ప నాజూకు లేదని మనలో చాలామంది ఏళ్ళుగా పక్కన పెట్టిన మనిషి. కండక్టర్ టోస్కనీని నడిపిన 1949 ప్రసారంలో టెనార్ రిచర్డ్ టక్కర్ అయితే పై స్వరం గట్టిగానే పాడి, వెంటనే ఆఖరి మాటలు ఒక స్థాయి కిందకి దిగి మెల్లగా మళ్ళీ పాడతాడు, అది వెర్డి ఒప్పుకున్న పద్ధతే. అది మోసం అని ఒకరు, నిజాయితీ అని ఇంకొకరు అరగంట వాదించుకున్నారు, నాకైతే ఆ వాదన వింటుంటేనే సంఘం పెట్టినందుకు ఫలితం దక్కిందనిపించింది.

సొప్రానోలు (పై స్థాయి ఆడ గొంతులు) మరియా కలాస్, రెనాటా తెబాల్దిల మీద రెండు సాయంత్రాలు పెట్టాం, ఎప్పటిలాగే వేడెక్కాయి. కింద నుంచి పైదాకా ఒకే రంగు, ఒకే గుండ్రదనం కావాలనేవాళ్ళు తెబాల్ది వైపు, మాటమాటకీ రంగు మారాలనేవాళ్ళు కలాస్ వైపు. ఈసారి ఒక సభ్యురాలు మంచి పని చేశారు, కలాస్‌ని కలాస్‌తోనే పోల్చారు. ఆవిడ ‘నోర్మా’ ఒపెరా రికార్డు చేసింది 1954లో ఒకసారి, 1960లో ఒకసారి, రెండూ మిలాన్‌లోని లా స్కాలా థియేటర్ బృందంతో, కండక్టర్ సెరాఫినే. ఆరేళ్ళలో పై స్వరాల్లో గొంతు ఊగడం బాగా తెలుస్తుంది, కానీ మధ్య స్థాయిలో ఒక్కో మాట పలికే తీరు రెండోదాంట్లోనే లోతుగా ఉంది. ఏ ఏడాది గొంతు అని అడక్కుండా ‘కలాస్ గొప్పా తెబాల్ది గొప్పా’ అంటే జవాబు ఎక్కడినుంచి వస్తుంది? ఇకనుంచి పోలిక పెట్టేవాళ్ళు రికార్డింగ్ సంవత్సరం తప్పకుండా రాయాలని కమిటీ నిర్ణయించింది.

పాత డిస్కుల రోజున స్పీడు మార్చగలిగే టర్న్‌టేబుల్ తెచ్చిన పెద్దాయనకి ప్రత్యేక ధన్యవాదాలు. ఒకే డిస్కుని నిమిషానికి 78 చుట్లతో తిప్పి, తర్వాత 74తో తిప్పారు. శ్రుతి దాదాపు అర స్వరం దిగింది, గొంతులో కంపం నెమ్మదించింది, సన్నగా కుర్రగొంతులా ఉన్నది కాస్తా ఛాతీ ఉన్న మనిషి గొంతు అయిపోయింది. ఆ రోజుల్లో అన్ని డిస్కులూ సరిగ్గా 78తో రికార్డు కాలేదు, పైగా 1925 ముందు మైకు లేదు, కొమ్ము గొట్టంలోకి పాడటమే. అలాంటివాటిని బట్టి ఫలానా ఆవిడ గొంతు పలచన అని తేల్చేయడం అన్యాయం. అసలు గొంతు సైజు రికార్డు మీద తేలదు, థియేటర్లో మైకు లేకుండా వినాల్సిందే. ఆర్కెస్ట్రా బలం 500 హెర్ట్‌జ్ (సెకనుకి 500 కంపనాలు) దగ్గర ఎక్కువ, గట్టి శిక్షణ ఉన్న గొంతు 3000 దగ్గర మెరుస్తుంది, అందుకే ఆ మోత దాటి చివరి వరస దాకా వస్తుంది. స్టూడియోలో మైకు దగ్గరుంటే చిన్న గొంతు కూడా పెద్దదైపోతుంది.

ఇక బాధ కలిగించిన సంగతులు. వాలంటీర్లుగా తొమ్మిదిమంది పేర్లిచ్చారు, ప్రతిసారీ వచ్చింది ముగ్గురు. పాటల అర్థాలు తెలుగులో రాసిస్తామన్నవాళ్ళు ముందురోజు రాత్రి ఫోన్ ఎత్తలేదు, ఆ షీట్లు ఒక్కరే తెల్లారేదాకా కూర్చుని పూర్తి చేశారు. హాలు అధికారులకి మూడు ఉత్తరాలు రాశాం, ఒక్కదానికీ జవాబు లేదు, పన్నెండోసారి తాళం రాక సభ్యులు గంటసేపు మెట్లమీద నిలబడి వెనక్కి వెళ్ళారు. ఇది మళ్ళీ జరక్కూడదు.

జమాఖర్చులు కోశాధికారి గారు జతచేశారు, ఆడిట్ అయింది, కొద్దిగా మిగులు ఉంది, సందేహాలుంటే ఆయన్ని అడగండి.

అధ్యక్షులు గారికి, ఆడియో టీమ్‌కి, షీట్లు రాసిన ఆ ఒక్కరికి, కుర్చీలు వేసి తీసిన పిల్లలకి, ప్రతిసారీ ముందొచ్చి ఆఖర్న వెళ్ళిన దంపతులకి, టర్న్‌టేబుల్ పెద్దాయనకి మళ్ళీ ఒకసారి, అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. వచ్చే ఏడాది జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపెరాలు పాడిన సొప్రానోలతో మొదలుపెడతాం, ఫ్లాగ్‌స్టాడ్, నిల్సన్. ఇంకొక్క మాట, 1960 ‘నోర్మా’ రెండో డిస్కు లైబ్రరీ బాక్సులో లేదు. ఎవరింట్లో ఉన్నా వచ్చే సమావేశానికి తెచ్చి ఇవ్వండి.

కార్యదర్శి