ఆ జీతం ఎవరిస్తారో కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ కెరీర్ పేజీలో ఆర్థిక సలహాదారు వృత్తి మీద వచ్చిన వ్యాసం చదివాను. ఏ పరీక్షలు రాయాలో బాగానే చెప్పారు. ఆ పరీక్షలు పాసైన మనిషికి డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందో మాత్రం చెప్పలేదు. మిగతావన్నీ దాన్నిబట్టే ఉంటాయి, ఆదివారం మన చేతిలో ఉంటుందా లేదా అన్నదాంతో సహా.

నేను గుంటూరులో బీకాం చదివి, 2004లో బీమా ఏజెంటుగా చేరాను. ఎండోమెంట్ పాలసీ (బీమాతో పాటు పొదుపూ ఉండేది) కట్టిస్తే మొదటి ఏడాది ప్రీమియంలో పాతిక శాతం దాకా కమీషన్ వచ్చేది. ఉద్యోగస్తులు ఇంట్లో దొరికేది సెలవు రోజునే కాబట్టి ఆదివారాలన్నీ స్కూటీ మీద బ్రాడీపేట, అరండల్‌పేట తిరగడంతోనే సరిపోయేది. జనవరి వచ్చిందంటే 80సీ సెక్షన్ కింద పన్ను మినహాయింపు కోసం పాలసీలు కట్టేవాళ్ల హడావుడి, మార్చి 31 దాకా టార్గెట్ల టెన్షన్. నాకేమో చిన్నప్పటి నుంచి పక్షుల పిచ్చి. ఉప్పలపాడు చెరువు మాకు పక్కనే. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచే చలికాలమే మాకు పాలసీల సీజన్. చెరువు మీదుగా ఎన్నిసార్లు వెళ్లినా బండి ఆపే తీరిక ఉండేది కాదు.

తర్వాత మ్యూచువల్ ఫండ్లు కూడా అమ్మాను. 2009 ఆగస్టులో, షేర్లు, ఫండ్ల మార్కెట్‌ని నియంత్రించే సెబీ ఎంట్రీ లోడ్ (పెట్టుబడిలోంచి ముందే కోసుకునే రుసుము) తీసేసింది. అంతకుముందు లక్ష పెడితే 2,250 రూపాయల దాకా ముందే పోయేది, మా కమీషన్ అందులోంచే. తీసేయడం మంచిదే, కానీ మాలాంటివాళ్ల రాబడి ఒక్కసారిగా పడిపోయింది. మా వారికి నెల జీతం ఉండబట్టి నిలబడ్డాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకి మొదట చెప్పాల్సింది ఇదే: మొదటి కొన్నేళ్లు ఇల్లు గడవడానికి వేరే ఆధారం ఉండాలి.

2013లో సెబీ పెట్టుబడి సలహాదారులకు విడిగా నిబంధనలు తెచ్చింది. ఎన్‌ఐఎస్‌ఎం (సెబీ పెట్టిన శిక్షణ, పరీక్షల సంస్థ) వాళ్ల 10ఎ, 10బి పరీక్షలు రాసి రిజిస్టరయ్యాను. కమీషన్ వదిలేసి ఫీజుకి మారాను. మారానని చెబితే మిర్చి యార్డులో నాకు తెలిసిన పెద్దాయన ఆశ్చర్యపోయారు. "కమీషన్ లేకుండా ఎట్లా బతుకుతావమ్మా?" అన్నారు. ఆయనా కమీషన్ ఏజెంటే! ఏడాది రాబడంతా మిర్చి సీజన్‌లోనే వచ్చే ఆయనకి నెలనెలా ఒకే మొత్తం ఫండ్‌లో వేసే సిప్ ఎందుకు నప్పదో, సీజన్ డబ్బుని ఎలా విడదీసుకోవాలో లెక్క వేసిచ్చాను. ఫీజు ఇచ్చారు, బేరమాడి.

ఇప్పుడు క్లయింట్లే అపాయింట్‌మెంట్ తీసుకుని వస్తారు. కొత్త పన్ను విధానంలో 80సీ లేదు కాబట్టి జనవరి గోలా తగ్గింది. ఆదివారం తెల్లవారకముందే బైనాక్యులర్స్, నోటుబుక్కు పట్టుకుని ఉప్పలపాడు వెళ్తాను. ఆ పక్షుల్ని కాపాడుకొచ్చింది ఆ ఊరివాళ్లే. వాళ్లలో ఒకామె నాకు నత్తగుల్ల కొంగని ముక్కు మధ్య సందు చూసి గుర్తుపట్టడం నేర్పింది. అక్కడ కూడా ఎవరో ఒకరు "మేడం, బంగారం కొనమంటారా?" అని అడుగుతూనే ఉంటారు. ఫీజు ఉంటుందని చెబితే మళ్లీ పక్షుల వైపు తిరుగుతారు.

2024 డిసెంబరులో సెబీ అర్హతలు సడలించింది. పీజీ అక్కర్లేదు, డిగ్రీ చాలు, అనుభవం కూడా అడగరు. ఇక చాలామంది ఇటు చూస్తారు. అందుకే ఒక మనవి. మీ పత్రికలో డబ్బు గురించి సలహాలు రాసేవారి పేరు కింద ఆయన ఫీజు తీసుకునే సలహాదారా, కమీషన్ మీద బతికే డిస్ట్రిబ్యూటరా అన్నది ఒక్క లైను వేయండి. మొదటివారి రిజిస్ట్రేషన్ నంబరు ఐఎన్‌ఏ అని, రెండోవారిది ఏఆర్‌ఎన్ అని మొదలవుతుంది. రెండూ చట్టబద్ధమైన పనులే, నేను రెండూ చేశాను. చదివేవారికి ఎవరు ఏదో తెలియాలి కదా.

— ఒక పెట్టుబడి సలహాదారు,
గుంటూరు