డిగ్రీ మార్కులు నీట్‌కు పనికిరావు

ఎడిటర్ గారికి,

మాది పరకాల దగ్గర పల్లె. బీఎస్సీలో నాకు 82 శాతం వచ్చింది. ఇంటర్‌లో ఫిజిక్స్ అంతంతమాత్రం. డిగ్రీ మార్కులు ఎంబీబీఎస్ సీటుకు కలిసొస్తాయని ఒక కోచింగ్ సెంటర్ ఆయన చెప్తే నమ్మాను. అమ్మ పత్తి ఏరిన పైసల్లోంచి అడ్వాన్స్ కూడా కట్టింది. తీరా చూస్తే లెక్కలోకి వచ్చేది మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్‌లో వచ్చే ర్యాంకే. అర్హతకు కూడా ఇంటర్ సైన్స్ మార్కులే చూస్తారు: జనరల్‌కు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40.

చదివింది మొత్తం వృథా అనను. నీట్ 720 మార్కుల్లో 360 బయాలజీవే, అది ఇప్పుడు నల్లేరు మీద నడక. చంపేది ఫిజిక్సే. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుందని తెలిసినా చెయ్యి ఆగదు. రోజూ పొద్దున్నే అట్ట ఊడిన ఇంటర్ ఫస్టియర్ పుస్తకం తీసి కప్పీల లెక్కలు మళ్లీ చేస్తున్నాను. పేజీ అంచున పదహారేళ్లప్పటి నా రాత: 'ఇది రాదు, వదిలెయ్'.

23 ఏళ్లొచ్చినా ఇంకా నీటేందని చుట్టాలు అంటున్నారు. గరిష్ఠ వయసు నిబంధన 2022లోనే తీసేశారని ఎంతమందికి చెప్పను?

రాష్ట్ర కోటా మెడికల్ సీట్ల కౌన్సెలింగ్ నడిపే కాళోజీ హెల్త్ యూనివర్సిటీ మన వరంగల్‌లోనే ఉంది. అక్కడి నుంచి ఒకరు ఏడాదికోసారి డిగ్రీ కాలేజీలకు వచ్చి ఈ సంగతులు గంటసేపు చెప్పాలని కోరుతున్నాను. ఫస్టియర్ వాళ్లకే చెప్పాలి, ఫైనలియర్‌లో కాదు.

– ఒక నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్ విద్యార్థిని, హన్మకొండ