పెసలు నానబెట్టి ఉంచు

విజయవాడ,
బుధవారం రాత్రి

ఒరేయ్ మిత్రమా,

నిన్న పిన్నిగారి సంగతి విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. తుంటి ఆపరేషన్ బాగా జరిగిందన్నావు, సంతోషం. కానీ "మంచం మీద నుంచి కదలనివ్వడం లేదు, పూటపూటా గంజీ మజ్జిగన్నమే పెడుతున్నాం" అన్నావు చూడు, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఫోనులో చెబితే మందలించినట్టు ఉంటుందని ఉత్తరం రాస్తున్నాను.

నాన్నగారి చీలమండ విరిగినప్పుడు మేమూ అచ్చం ఇలాగే చేశాం. ఆరు వారాలకు కట్టు విప్పితే ఆ పిక్క వేరే ఎవరిదో అన్నట్టు ఉంది. దుర్గమ్మ కొండ మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కే మనిషి, గడప దాటడానికి నా భుజం పట్టుకున్నారు. ఆ కండంతా ఎటు పోయిందా అని అప్పటి నుంచి దొరికిందల్లా చదువుతూనే ఉన్నాను.

కండ అంటే ఒకసారి కట్టేసిన గోడ అనుకునేవాణ్ణి. కాదురా. అది మన బ్యారేజీ దగ్గరి కృష్ణ లాంటిది. మట్టం 12 అడుగులే కనిపిస్తుంది, కానీ ఎగువ నుంచి నీరు వస్తూనే ఉంటుంది, ఏలూరు, బందరు, రైవస్ కాలువల్లోకి పోతూనే ఉంటుంది. కండలోని ప్రోటీను కూడా రోజుకు సుమారు 1 నుంచి 2 శాతం విరిగిపోయి, మళ్లీ కొత్తగా తయారవుతుంది. 1930ల్లో రుడాల్ఫ్ షోన్‌హైమర్ అనే శాస్త్రవేత్త, ప్రోటీనుకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలకు మామూలు కన్నా కాస్త బరువైన నత్రజనితో గుర్తు పెట్టి, ఎదిగిన ఎలుకలకు తినిపించాడు. వాటి బరువు మారడం లేదు కాబట్టి తిన్నదంతా ఖర్చయి బయటికి పోవాలి కదా? కానీ చాలా భాగం ఒంట్లోని ప్రోటీన్లలోకి చేరిపోయింది! నిశ్చలంగా కనిపించే ఒంట్లో ఎంత పని జరుగుతోందో చూడు.

విరిచే పని చెడ్డదేమీ కాదు. పాడైన ప్రోటీనుకు యుబిక్విటిన్ అనే చిన్న చీటీ తగులుతుంది. ఆ చీటీ చూసి కణంలోని ప్రోటియాజోమ్ అనే యంత్రం దాన్ని లోపలికి లాగి ముక్కలు చేస్తుంది. దీన్ని కనిపెట్టిన ముగ్గురికి 2004లో నోబెల్ వచ్చింది. భోజనానికి భోజనానికి మధ్య మిగతా అవయవాలకు అమైనో ఆమ్లాలు అప్పిచ్చేది కూడా కండే. మళ్లీ తిన్నప్పుడు ఆ అప్పు తీరాలి. అన్నంతో పెరిగే ఇన్సులిన్ విరగడాన్ని కొంత ఆపుతుంది. కొత్తది కట్టడానికి మాత్రం అమైనో ఆమ్లాలే కావాలి, ముఖ్యంగా వాటిలో ల్యూసిన్ అనేది.

నన్ను బాగా కదిలించింది ఇంకొకటి. నాన్నగారి కాలు కదలక చిక్కినప్పుడు, కండలో ప్రోటీను విరగడం ఎక్కువైంది కాబోలు అనుకున్నాను. నిజానికి కదలని కండలో ముందు తగ్గిపోయేది కొత్త ప్రోటీను కట్టే పని. తిండి పెట్టినా ఆ కండ మునుపటిలా స్పందించదు, వయసు మళ్లితే మరీను. ఇక ఆపరేషన్, జ్వరం లాంటివి ఉంటే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరిగి విరగడం కూడా ఎక్కువవుతుంది. అంటే పైనుంచి నీరు తగ్గిపోయింది, కిందకి తూములు ఎక్కువ తెరుచుకున్నాయి. పిన్నిగారి పరిస్థితి ఇప్పుడు అదే.

అందుకే బతిమాలుతున్నాను, ఎప్పుడు నిలబెట్టవచ్చో, ఎంతసేపు నడిపించవచ్చో రేపే డాక్టరుగారిని అడుగు. మంచం మీదే చేయదగిన వ్యాయామాలేవో కూడా అడుగు. కండకు పని తగిలితేనే తిన్న ప్రోటీను దానికి బాగా పడుతుంది. అలాగని ఖాళీ కడుపుతో చేయిస్తే ఆ తరువాత కూడా విరగడానిదే పైచేయి. రెండూ కలవాలి.

పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీను మంచిదంటారు. పిన్నిగారు 55 కిలోలు ఉంటారనుకుంటే 55 నుంచి 66 గ్రాములు. గంజితో ఎక్కడ సరిపోతుంది? గుడ్డు ముట్టరని తెలుసు. గట్టి పప్పు, గడ్డ పెరుగు, గ్లాసు పాలు, పెసరట్టు ఒక్క పూటకే కాకుండా మూడు పూటలకూ సర్దు. 50 గ్రాముల పెసల్లోనే 12 గ్రాములు ఉంటుంది. మూత్రపిండాల ఇబ్బంది ఏమైనా ఉంటే మాత్రం డాక్టరుగారికి చెప్పకుండా పెంచకు.

పరీక్షల రోజుల్లో బ్రాడీపేట ఇంట్లో అర్ధరాత్రి దాకా మనకు పెసరట్లు పోసిన మనిషి ఆవిడ. ఆదివారం మొదటి బస్సుకు గుంటూరు వస్తున్నాను. శనివారం రాత్రే పెసలు నానబెట్టి ఉంచు, అట్లు నేను పోస్తాను.

నీ
స్నేహితుడు