రోడ్డు దాటేటప్పుడు నా ఫోన్ ఎత్తకు బిడ్డా

చిట్టీ,

నిన్న రాత్రి మాట్లాడుతూ మాట్లాడుతూ "ఒక్క నిమిషం నాన్నా, రోడ్డు దాటుతున్నా" అన్నావు చూడు, ఆ తర్వాత నీ గొంతు వినపడలేదు, హారన్లే వినపడ్డాయి. ముందు బస్సుది, దాని వెనకే బైకుది, ఆ తర్వాత ఎవరో గట్టిగా అరిచారు. నువ్వు మళ్ళీ "ఆఁ, చెప్పు నాన్నా" అనేదాకా నా ప్రాణం నాలో లేదు. అమ్మకు చెప్పలేదు. రాత్రంతా నిద్ర పట్టక పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను. నేను చేసినప్పుడు నువ్వు రోడ్డు మీదుంటే ఎత్తకు. హాస్టల్‌కి చేరాక చెయ్యి, నేనేమీ అనుకోను.

ఇరవై ఆరేళ్ళు లారీ నడిపాను కాబట్టి ఇది చెప్పే హక్కు నాకుంది. లారీ అంత పెద్దది నాకు కనపడుతుంటే డ్రైవర్‌కి నేను కనపడనా అనుకుంటారు అందరూ. కనపడరమ్మా. క్యాబిన్‌లో అంత ఎత్తున కూర్చుంటే బంపర్‌ని ఆనుకుని నిలబడ్డ మనిషి కనపడడు, ఎడమవైపు తలుపు పక్కన ఉన్నవాళ్ళ సంగతి క్లీనర్ చూసి చెప్పాల్సిందే.

నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు సిటీలో ఒక సిగ్నల్ దగ్గర ఆగాను. గ్రీన్ పడింది, క్లచ్ వదలబోతున్నా, ఇంతలో క్లీనర్ తలుపు మీద దబదబా బాది "ఆపన్నా, ఆపు" అని ఒకటే అరుపు. దిగి చూస్తే బంపర్‌కి జానెడు దూరంలో ఒక ముసలమ్మ గొంతుక్కూర్చుని, తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుంటోంది. తలెత్తి నన్ను చూసి "అయిపోయింది బాబూ" అంది. ఆ పిన్నీసు చెప్పులోకి దిగడం లేదు, రెండు వేళ్ళతో నొక్కుతోంది, వెనక బండ్లన్నీ హారన్లు కొడుతున్నాయి. చెయ్యి పట్టుకుని అవతలికి దాటించి వచ్చాను గానీ స్టీరింగ్ పట్టుకుంటే చేతుల వణుకు ఆగలేదు. ఆ రోజు ఆ క్లీనర్ పిల్లాడు అటువైపు చూడకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను.

అందుకే బండిని కాదు, నడిపేవాడి మొహం చూడు. అతను నిన్ను చూశాడని తెలిశాకే అడుగెయ్యి. ఆగిన బస్సు ముందు నుంచి దాటాల్సి వస్తే బస్సు అవతలి అంచు దాకా వచ్చి ఒకసారి ఆగి, తల బయటపెట్టి చూడు. బస్సు డ్రైవర్ చెయ్యి ఊపి పొమ్మన్నాడని పరిగెత్తకు, అతను తన బండి గురించే చెప్పగలడు, పక్కనుంచి దూసుకొచ్చే బైకు గురించి కాదు. మీ కూకట్‌పల్లి వైపు రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు ఎన్నో నేను చూశాను, డివైడర్ ఉన్న రోడ్డయినా రెండు వైపులా చూడాల్సిందే. ఫ్రీ లెఫ్ట్ దగ్గరయితే సిగ్నల్ ఎర్రగా ఉన్నా ఆ వైపు బండ్లు వస్తూనే ఉంటాయి. ఫుట్‌పాత్ లేనిచోట కుడివైపు నడువు, ఎదురొచ్చే బండి కనపడుతుంది.

50 కిలోమీటర్ల స్పీడులో ఉన్న బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. డ్రైవర్ నిన్ను చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్ళేసరికే ఆ సెకను అయిపోతుంది, బండి ఆగడానికి ఇంకా దూరం కావాలి. వాన పడితే, లోడు ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే "దూరంగానే ఉందిలే" అనుకోవద్దంటాను.

ఇన్ని జాగ్రత్తలు నీకే చెబుతున్నానని తప్పంతా నడిచేవాళ్ళదే అనుకోకు. నాకు కోపం వచ్చేది అక్కడే. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 32,825 మంది కాలినడకన పోతున్నవాళ్ళు. జీబ్రా గీతల దగ్గర బండి ఆపి దారివ్వాలని రూలు ఉంది, ఆపేవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. చాలా చౌరస్తాల్లో సిగ్నళ్ళు తీసేసి యూటర్న్‌లు పెట్టారు, బండ్లకు ఆగే పని తప్పింది, దాటేవాళ్ళకు సందు లేకుండా పోయింది. పోయినసారి వచ్చినప్పుడు అమ్మ మోకాళ్ళ నొప్పితో ఫుట్‌పాత్ ఎక్కలేక రోడ్డు మీదే నడిచింది, గుర్తుందా? ఆ గట్టు ఆరంగుళాలు దాటకూడదని నిబంధన, అది అమ్మ మోకాలి దాకా ఉంది. ఎక్కినా పైన బండ్లు పార్క్ చేసి ఉన్నాయి. ఫుట్‌పాత్ మీద అడ్డం లేకుండా నడవడం రాజ్యాంగం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. పేపర్లో అది చదివి అమ్మకు కూడా వినిపించాను. మీ వీధిలో ఫుట్‌పాత్ మూసేస్తే మున్సిపాలిటీకి ఫిర్యాదు పెట్టు, నీ ఫ్రెండ్స్ చేత కూడా పెట్టించు.

ఉప్పల్‌లో మీ మేనత్త ఇంటికి వెళ్ళినప్పుడు చౌరస్తాలో ఆ స్కైవాక్ ఎక్కాను, 2023లో తెరిచారు, లిఫ్టులు కూడా ఉన్నాయి. కింద బండ్లు పోతుంటే పైన ముసలివాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు తాపీగా నడుస్తున్నారు. ఆ రోజు ఎంత హాయిగా అనిపించిందో. మీ దగ్గర స్కైవాక్ లేకపోయినా మెట్రో స్టేషన్ ఉంది కదా, టికెట్ లేకుండానే ఒకవైపు ఎక్కి అవతలివైపు దిగొచ్చు. ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుందంటావు, పట్టనీ. కాళ్ళు నొప్పెడితే నా పేరు చెప్పి తిట్టుకో. స్టేషన్ మూసేసే వేళయితే ఒక్కదానివి దాటకు, నలుగురితో కలిసి దాటు.

శనివారం పొద్దున బస్సులో కాకరకాయ కారం, గోంగూర పచ్చడి పంపుతున్నాం. రాత్రిపూట నల్ల చుడీదార్‌లో ఉంటే హెడ్‌లైట్ పడేదాకా కనపడవని చెబితే అమ్మ తన తెల్ల చున్నీ ఒకటి అందులో పెట్టింది. పార్సిల్ తీసుకోవడానికి వెలుతురు ఉండగానే వెళ్ళు. రెండు డబ్బాలున్నాయి, బరువు. రెండు చేతుల్లో పట్టుకుని రోడ్డు దాటొద్దు, ఆటో ఎక్కు, డబ్బులు వేస్తాను.

నాన్న