మాగ్నెట్ పద్ధతి కర్క్యుమిన్ ఈ సీజన్‌కి ఇవ్వలేకపోతున్నాను

నమస్కారం. పసుపు నుంచి మాగ్నెట్ పద్ధతిలో తీసిన కర్క్యుమిన్ (పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం) ఈ సీజన్లోనే ఇస్తానని పోయిన ఉగాదికి మీకు మాటిచ్చాను. ఇవ్వలేకపోతున్నాను, క్షమించండి. అడ్వాన్స్ కట్టినవాళ్లందరికీ ఈ వారమే డబ్బు వెనక్కి పంపుతున్నాను.

అంత ఆశ ఎందుకు పెట్టుకున్నానో చెప్తాను. తడి మట్టిలో చింతగింజ నొక్కి తీస్తే దాని ఆకారంలో గుంట మిగులుతుంది కదా, ఇదీ అలాంటిదే. ఐరన్ ఆక్సైడ్ రేణువులకు సిలికా పూత వేసి, దాని మీద కర్క్యుమిన్ అణువుల చుట్టూ పాలిమర్ గట్టిపడేలా చేస్తాం. తర్వాత మిథనాల్, ఎసిటిక్ యాసిడ్ కలిపి కడిగేస్తే కర్క్యుమిన్ పోయి గుంటలు మిగులుతాయి. ఆ పొడిని పసుపు ఎక్స్‌ట్రాక్ట్‌లో కలిపితే కర్క్యుమిన్ వెళ్లి ఆ గుంటల్లో కూర్చుంటుంది. బీకరు పక్కన మాగ్నెట్ పెట్టగానే పొడంతా ఆ వైపు గోడకు చేరిపోతుంది. వడగట్టే పని లేదు, సెంట్రిఫ్యూజ్ అక్కర్లేదు. మొదటిసారి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లెక్క వేశాక ఆగిపోయాను. మా పొడి గ్రాముకు 20 మిల్లీగ్రాములకు మించి పట్టలేదు. అంటే ఒక్క విడతలో కిలో కర్క్యుమిన్ రావాలంటే 50 కిలోల పొడి కావాలి. పైగా పసుపులో కర్క్యుమిన్‌కు తోబుట్టువుల్లాంటి డెమిథాక్సీ, బిస్‌డెమిథాక్సీ రకాలున్నాయి. అవీ అదే గుంటల్లో దూరాయి. వీటన్నిటికంటే నన్ను టెన్షన్ పెట్టింది పాలిమర్ తయారీలో వాడే మెథాక్రిలిక్ యాసిడ్ లాంటి రసాయనాలు. కడుపులోకి వెళ్లే సరుకులో అవి మిగల్లేదని ప్రతి బ్యాచ్‌కీ నిరూపించే వసతి నా దగ్గర లేదు. నిరూపించలేనిది మీకు అమ్మను.

అందుకని మీకు వచ్చే ఎక్స్‌ట్రాక్ట్ ఎప్పట్లాగే ఇథైల్ ఎసిటేట్ అనే ద్రావకంతో తీసిందే. ఆ ద్రావకం ఎంత మిగిలిందో బ్యాచ్ సర్టిఫికెట్‌లో ఉంటుంది. ధర మారదు.

ఆ పొడి మాత్రం పరీక్షలకు బాగా పనికొస్తోంది. మీ లేహ్యాల్లో నెయ్యి, బెల్లం మధ్య ఉన్న కొద్దిపాటి కర్క్యుమిన్‌ని విడదీసి హెచ్‌పీఎల్‌సీకి (ఏ పదార్థం ఎంతుందో కొలిచే యంత్రం) పంపడానికి చిటికెడు చాలు. ఇక్కడా ఒక పొరపాటు చేశాను. ఎంత కడిగినా గుంటల్లో మిగిలిన కర్క్యుమిన్ నెమ్మదిగా బయటికొచ్చి రీడింగ్ పెంచుతుంది. మార్చిలో ఇచ్చిన 11 రిపోర్టుల్లో ఆ తేడా చూసుకోలేదు. ఇప్పుడు ప్రతిసారీ శాంపిల్ లేకుండా ఒక పరీక్ష చేసి, ఆ అంకె తీసేస్తున్నాం. ఆ 11 మందికీ ఫోన్ చేశాను. శాంపిళ్లు మా దగ్గరే ఉన్నాయి, మళ్లీ పంపక్కర్లేదు. కొత్త రిపోర్టులు ఉచితంగా ఇస్తాను. పాత రిపోర్టు చూసి లేబుల్ మీద అంకె వేయించి ఉంటే, ప్రింటింగ్ బిల్లు నాకు పంపండి.