డేటా సఫిషియెన్సీ నేర్పిన మా దేవరకొండ అన్నకు థ్యాంక్స్

ఐసెట్ కౌన్సెలింగ్‌ల నాకు ఎంబీఏ సీటు వచ్చింది, ఇంట్ల అందరికి చెప్పుడయింది, ఇగ నలుగురిల చెప్పాల్సింది మా దేవరకొండ అన్న గురించి. దేవరకొండ అన్న ఊరు, పేరు రాయొద్దన్నడు, అందుకే రాస్తలేను. పొద్దంత బ్యాంకుల డ్యూటీ చేసి సాయంత్రం నల్లగొండ జిల్లా గ్రంథాలయానికి వచ్చి, మా అసుంటి తెలుగు మీడియం పిల్లలను కూసోబెట్టుకొని ఒక్క పైస తీసుకోకుండ లెక్కలు చెప్పిండు.

తెలియనోళ్ల కోసం చెప్తున్న, ఐసెట్ అంటే ఎంబీఏ, ఎంసీఏ సీట్లకు రాసే పరీక్ష, అండ్ల 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 45 సెకండ్లే. వాటిల 20 ప్రశ్నలు డేటా సఫిషియెన్సీవే, అంటే ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతదా లేదా అని తేల్చేటియి. 2025ల పరీక్ష పెట్టింది గూడ మన నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీయే, అది మాకు ఇంకో సంబురం.

ప్రశ్న కింద రెండు స్టేట్‌మెంట్లు ఇస్తరు, మొదటిదొక్కటే సరిపోతదా, రెండోదొక్కటే సరిపోతదా, రెండు కలిపితేనే సరిపోతదా, కలిపినా సరిపోదా అని అడుగుతరు, జవాబు ఎంతొచ్చిందని మాత్రం ఎవ్వరు అడగరు. అన్న ఎప్పుడు అదే అంటుండె, "బోరుల నీళ్లున్నయో లేవో చెప్పు చాలమ్మా, పొలమంత తడపకు." లెక్క తేలుతదని తెలిసిన కాడ పెన్ను ఆపాలె, అక్కడ మిగిలిన టైమే మిగతా ప్రశ్నలకు పనికొస్తది.

స్టేట్‌మెంట్ల కంటే ముందుగాల ప్రశ్ననే సక్కగ చూడమనేటోడు. ఎక్స్ + వై ఎంత అని అడిగిండు, మొదటి స్టేట్‌మెంట్‌ల 3ఎక్స్ + 3వై = 21 అని ఉంది అనుకోరి, ఎక్స్ వేరే వై వేరే దొరకాల్సిన పనే లేదు, మూడుతోని భాగిస్తే 7, అదొక్కటే చాలు. అదే ఎక్స్ ఎంత అని అడిగి, 2ఎక్స్ + 3వై = 12 అని ఒకటి, 4ఎక్స్ + 6వై = 24 అని ఇంకోటి ఇస్తే రెండు ఈక్వేషన్లు ఉన్నయి కదా అని కలిపితే సరిపోతదని పెట్టొద్దు, రెండోది మొదటిదాన్ని రెండుతోని గుణించినదే, కొత్త ముచ్చట ఏం లేదండ్ల.

నాకు అన్నిట్ల మస్తు నచ్చింది పెన్నుల లెక్క. పెన్ను 7 రూపాయలు, నోట్‌బుక్ 11 రూపాయలు, ఒకామె రెండు రకాలూ కొన్నది, పెన్నులెన్ని? మొదటి స్టేట్‌మెంట్: మొత్తం 40 రూపాయలయింది. తెలియనియి రెండు, ఈక్వేషన్ ఒక్కటే, సరిపోదనే అనిపిస్తది. కాని పెన్నులు సగం పావు కొనరు కదా. ఒక బుక్ అయితే 29 మిగులుతది, ఏడో ఎక్కంల లేదు, రెండయితే 18, అదీ లేదు, మూడయితే 7 మిగులుతది అంటే ఒక పెన్ను, నాలుగు బుక్కులకు 44, దాటిపోయింది. ఒక్కటే దారి ఉంది కాబట్టి ఆ ఒక్క స్టేట్‌మెంటే చాలు! మనుషులు, వస్తువులు, వయసులు కనబడంగనే పూర్ణ సంఖ్యలేనా అని చూసుకోమని అన్న అందుకే అంత గట్టిగ చెప్పిండు.

ఎక్స్ ఎంత అని అడిగితే, ఎక్స్ స్క్వేర్ = 16 అంటే 4 గూడ అయితది మైనస్ 4 గూడ అయితది, ఎక్స్ సున్న కంటే పెద్దది అని రెండోదాంట్ల ఉంటేనే తేలుతది. ఎక్స్ సున్న కంటే పెద్దదా అని అవునా కాదా ప్రశ్న వచ్చి, ఎక్స్ క్యూబ్ = –8 అని ఇస్తే జవాబు "కాదు" అని పక్కాగ తెలిసింది, కాదు అని తెలిసినా సరిపోయినట్టే. రెండో స్టేట్‌మెంట్ చదివేటప్పుడు మొదటిదాని మీద అరచెయ్యి పెట్టమనేటోడు, దాంట్లది దీంట్లకు రాకుండ. బ్యాంకు పరీక్షలకు చదివేటోళ్లకు "ఏదొక్కటైనా చాలు" అని ఇంకో ఆప్షన్ ఉంటదని, బయటి దేశాల ఎంబీఏకు రాసే జీమ్యాట్‌ల గూడ ఉంటదని, ఆప్షన్లు ముందుగాల చదువుకోమని వేరేగ చెప్పిండు.

అన్నా, మీకు శానా శానా థ్యాంక్స్. డ్యూటీ నుంచి అలిసిపోయి వచ్చి గూడ ఒకటే లెక్క మళ్ల మళ్ల అడిగినా విసుక్కోలేదు, ఇంగ్లిష్ రానోళ్లకు తెలుగుల చెప్పిండ్రు, ఆడపిల్లలం చీకటి పడకముందే బస్సు ఎక్కాలని మా లెక్కలు ముందు చూసిండ్రు. రీడింగ్ రూముల మాకు ఒక బల్ల ఆపి పెట్టిన సారుకు గూడ థ్యాంక్స్.

అన్నకు ఇప్పుడు మహబూబ్‌నగర్ ట్రాన్స్‌ఫర్ అయింది, పాలమూరు పిల్లలు అదృష్టవంతులు. అన్న చేతితోని రాసిన నోట్సు క్లాక్ టవర్ కాడ జిరాక్స్ షాపుల ఇచ్చి పెట్టిన, వచ్చే ఐసెట్‌కు చదివేటోళ్లు పోయి కాపీ తీసుకోరి, అన్నను అడిగే రాస్తున్న.